26 మంది ఎమ్మెల్యేలకు ఒక ఫర్టిలైజర్ షాపాయన ఉత్తరం

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల శాసనసభ్యులకు నమస్కారం.

నేను దేవరకొండ వైపు ఒక మండల కేంద్రంలో 24 ఏళ్లుగా ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు అమ్ముకుని బతుకుతున్న మనిషిని. మీలో ఒకరిద్దరు ఓట్లప్పుడు నా దుకాణం ముందర బల్ల మీద కూర్చుని చాయ్ తాగినవాళ్లే. పేరు రాయడం లేదు. భయపడి కాదు. ఈ ఉత్తరంలో ఇంకొకరి ఇంటి సంగతి ఉంది, నా పేరు తెలిస్తే వాళ్ల పేరూ తెలిసిపోతుంది.

అడగాల్సింది ముందే అడుగుతాను. మన రైతులు గడ్డి మందు అని పిలిచే పారాక్వాట్ డైక్లోరైడ్‌ను తెలంగాణలో అమ్మకుండా మన శాసనసభ ఒక చట్టం చేయాలి. నేనడిగేది ఉత్తర్వు కాదు, చట్టం. ఆ రెంటికీ తేడా ఏంటో గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడికి తెలిసినంతగా సచివాలయంలో కూర్చున్నవాళ్లకు తెలియకపోవచ్చు.

మూడేళ్ల కింద, పత్తి మోకాలెత్తుకు వచ్చిన రోజులవి. నాలుగెకరాల చెలక కౌలుకు చేసే ఒకాయన ఎప్పటిలాగే ఉద్దెరకు ఒక లీటరు గడ్డి మందు తీసుకుపోయాడు. నా చేత్తోనే ఖాతా పుస్తకంలో రాశాను. రెండో రోజు పొద్దున ఆయన కొడుకు, ఇరవై రెండేళ్లవాడు, మోటార్ సైకిల్ మీద మేనమామ వెనక కూర్చుని నా దుకాణానికే వచ్చాడు. రాత్రి ఇంట్లో ఫోన్ కిస్తీ గురించి లొల్లి అయిందట. ఆర్‌ఎంపీ డాక్టర్ ‘ఏ మందో డబ్బా చూపించండి’ అన్నాడట. డబ్బా ఎక్కడో పారేశారు, అందుకని పేరు రాయించుకుపోదామని వచ్చారు.

పిల్లవాడు బండి దిగి నిలబడ్డాడు. నవ్వాడు కూడా. ‘ఏం గాలే సేటూ, నోట్ల పోసుకున్న, మళ్ల ఊంచేసిన’ అన్నాడు.

నేను బిల్లు బుక్కు వెనక చీటీ మీద పారాక్వాట్ అని రాసి ఇచ్చాను. రాస్తుంటే చెయ్యి వణికింది. ఎందుకంటే ఆ మందు సంగతి నాకు తెలుసు, వాడికి తెలియదు. ‘ఇక్కడ ఆగకండి, ఇప్పుడే నల్లగొండ పొండి’ అన్నాను. నల్లగొండ నుంచి హైదరాబాద్ పంపారు. మూడో రోజుకు నాలుక, పెదవులు పొక్కిపోయి మంచినీళ్లు దిగలేదు. అయిదో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం తగ్గింది, డయాలసిస్ మొదలుపెట్టారు. ఆ తర్వాత ఊపిరి అందలేదు. ఊపిరాడక కొట్టుకుంటున్న పిల్లవాడికి ఆక్సిజన్ ఎందుకు పెట్టడం లేదని బంధువులు ఆస్పత్రిలో గొడవకు దిగారు. డాక్టర్లది తప్పు కాదు. ఈ విషం ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుంటుంది, ఆక్సిజన్ అందుతున్న కొద్దీ ఆ కణాలను ఇంకా కాలుస్తుంది. అందుకే వీలైనంత వరకు ఆక్సిజన్ ఇవ్వకుండా చూస్తారు. ఇది కన్నతల్లికి ఏ డాక్టరైనా ఎట్లా చెప్తాడు?

పదకొండో రోజు పోయాడు. చివరిదాకా తెలివిలోనే ఉన్నాడని, ‘నన్ను బతికించుండ్రి’ అని అందరినీ పేరు పేరునా పిలిచి అడిగాడని మేనమామ చెప్పాడు.

దినం అయిన రెండు రోజులకు తండ్రి దుకాణానికి వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. ఆయన తుండుగుడ్డ కొసన ముడి విప్పి నోట్లు లెక్కపెట్టి, ‘లెక్క జూడు సేటూ, బాకీ ఉంచుకోవద్దు’ అన్నాడు. ఖాతాలో రెండు యూరియా బస్తాలు, ఒక పురుగుమందు, ఆ లీటరు గడ్డి మందు. దాని ధర మూడు వందల చిల్లర. ఆ లైను కొట్టేయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. ‘కొట్టెయ్యకు. తెచ్చింది నేనే గదా’ అన్నాడు. పైసలు తీసుకున్నాను. తీసుకోకపోతే ఆయన ఇంకా కుంగిపోయేవాడేమో. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ కుటుంబానికి రైతు బీమా కూడా రాలేదు. అది పట్టా పాసుపుస్తకం తన పేరున ఉన్న రైతు పోతేనే వస్తుంది, కౌలు భూమి పుస్తకం యజమాని పేరున ఉంటుంది కదా.

ఆ సీజన్ తోనే ఆ మందు అమ్మడం ఆపాను. పెద్ద గొప్పేం కాదు. నా దుకాణంలో దొరకకపోతే రోడ్డుకు అవతలి దుకాణంలో దొరుకుతుంది.

ఇక మందు సంగతి. దీన్ని మొదట 1962లో ఇంగ్లండ్ కంపెనీ ఒకటి మార్కెట్లోకి తెచ్చింది. ఎండలో కొడితే మధ్యాహ్నానికల్లా పచ్చటి ఆకు మాడిపోతుంది, రైతుకు నచ్చింది అదే. వేరును చంపదు. గరిక, తుంగ పదిహేను రోజుల్లో మళ్లీ లేస్తాయి, రైతు మళ్లీ నా దగ్గరికి వస్తాడు. వ్యాపారికి ఇంతకన్నా ఏం కావాలి? డబ్బా మీద త్రికోణం ఎరుపు కాదు, పసుపు. ఎలుకల మీద పరీక్ష చేసి ఎంత మోతాదుకు చచ్చాయో చూసి ఆ రంగు ఇస్తారు. మనిషి తాగితే విరుగుడు ఉందా లేదా అన్నది ఆ రంగు చెప్పదు. విరుగుడు లేదన్న మాట డబ్బాతో వచ్చే కరపత్రంలో ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో. నేను దాన్ని మొదటిసారి సరిగ్గా చదివింది డీలర్లకు పెట్టే ‘దేశీ’ డిప్లొమా క్లాసులో. మా రాజేంద్రనగర్ మేనేజ్ సంస్థ నడిపే 48 వారాల కోర్సు అది. అప్పటికి ఈ మందు అమ్మబట్టి పదేళ్లు దాటింది.

తాగినవాళ్ల సంగతే కాదు. పత్తి సాళ్ల మధ్య కొట్టేటప్పుడు మొక్క మీద పడకుండా నాజిల్‌కు డొప్ప కట్టుకుంటారు, మనిషి మీద పడకుండా మాత్రం ఏమీ కట్టుకోరు. వీపు మీది ట్యాంకు మూత కారుతుంటే చొక్కా తడిసిపోయి తోలు పుండై నా దగ్గరికే మలాం అడగడానికి వచ్చినవాళ్లున్నారు. గంటల తరబడి ఒంటికి పట్టి ఉంటే చర్మం లోంచి కూడా ప్రాణం మీదికి వస్తుంది. ఇంకో తప్పు కూడా ఒప్పుకుంటాను. ‘పావు లీటరు పొయ్యి సేటూ, అరెకరమే ఉంది’ అంటే కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇచ్చిన రోజులున్నాయి. లూజుగా పోసి అమ్మకూడదని చట్టం. ఆ సీసా ఇంటికి పోయి గూట్లో కూర్చుంటే, దప్పికైన పిల్లవాడు దాన్ని ఏమనుకుంటాడు?

కంపెనీ టార్గెట్ కొట్టినందుకు 2016లో మమ్మల్ని ముప్పై మంది డీలర్లను బ్యాంకాక్ తీసుకుపోయారు. హోటలు, పడవ షికారు, అన్నీ వాళ్ల ఖర్చే. మేం అంత షికారు చేసిన ఆ థాయ్‌లాండ్ 2020 జూన్‌లో ఇదే మందును నిషేధించింది. వియత్నాం అంతకు ముందే, మలేసియా అదే ఏడు ఆపేశాయి. చైనా ద్రవరూపంలో అమ్మకాన్ని తన దేశంలో 2016లోనే బందు పెట్టింది, బయటి దేశాలకు పంపేందుకు మాత్రం తయారీకి అడ్డు చెప్పలేదు. స్విట్జర్లాండ్ 1989లో, యూరోపియన్ యూనియన్ 2007లో వద్దనుకున్నాయి. మన దేశంలోనే కేరళ 2011లో మరికొన్ని మందులతో పాటు దీన్నీ ఆపింది.

‘చావాలనుకున్నవాడు ఇది కాకుంటే ఇంకోటి తాగుతాడు’ అనే మాట నేనూ చాలా ఏళ్లు అన్నాను. అమ్మేవాడికి అది హాయిగా ఉండే మాట. కానీ శ్రీలంక 2008-2011 మధ్య పారాక్వాట్‌తో సహా మూడు మందులు ఆపితే పురుగుమందులతో పోయే ప్రాణాలు బాగా తగ్గాయి. దక్షిణ కొరియా 2011లో రిజిస్ట్రేషన్ రద్దు చేసి 2012లో అమ్మకం ఆపితే, 2013 నాటికి పురుగుమందు ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి పడింది. పంట దిగుబడి పడిపోలేదు. కారణం పెద్ద రహస్యమేం కాదు. మా దగ్గర ఈ పని చేసినవాళ్లలో చాలామంది పది నిమిషాల కోపంలో చేసినవాళ్లే. గంట గడిచేసరికి బతకాలనిపిస్తుంది. మిగతా మందుల్లో కొన్నిటికి డాక్టర్ చేతిలో ఏదో ఒక సూది ఉంటుంది, మనిషిని వెనక్కి లాగడానికి వీలుంటుంది. ఈ మందు ఆ వీలు ఇవ్వదు. నా గల్లాపెట్టె పక్కన ఇప్పుడు టెలి మానస్ నంబరు 14416 అంటించి పెట్టాను. మనసు బాగలేనివాళ్లు ఏ వేళనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఒకరిద్దరు ఆ నంబరును ఫోన్‌లో ఫొటో తీసుకోవడం చూశాను.

ఇప్పుడు చట్టం దగ్గరికి వస్తాను. పురుగుమందుల చట్టం 1968 నాటిది, నాకంటే నాలుగేళ్లు పెద్దది. దాన్ని మార్చడానికి 2008లో ఒక బిల్లు, 2020లో ఇంకో బిల్లు రాజ్యసభలోకి వచ్చాయి. మా లైసెన్సులు మాత్రం ఆ పాత చట్టం కిందే రెన్యువల్ అవుతూ వచ్చాయి. అందులో 27వ సెక్షన్ ప్రకారం మనుషులకు ముప్పు ఉందనిపిస్తే రాష్ట్ర ప్రభుత్వం ఒక మందు అమ్మకాన్ని 60 రోజులు ఆపొచ్చు, ఇంకో 30 రోజులు పొడిగించొచ్చు. అంతే. అసలు రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం కేంద్రానిది. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా పోయినప్పుడు అక్కడి ప్రభుత్వం అయిదు మందులను ఆపింది. ఎన్నాళ్లకు? 60 రోజులకు.

60 రోజుల ఉత్తర్వు వస్తే మా దుకాణాల్లో ఏం జరుగుతుందో చెప్తాను వినండి. ఉత్తర్వు వస్తుందన్న వాసన మాకు వారం ముందే తగులుతుంది. అప్పటికే సరుకు దించుకుని ఉంటాం. ఉత్తర్వు వచ్చిన రోజు డబ్బాలు షెల్ఫ్ మీంచి వెనక గోదాములోకి పోతాయి. వ్యవసాయాధికారి వచ్చి పంచనామా రాసుకుని, స్టాక్ అమ్మొద్దని సంతకం పెట్టించుకుని పోతాడు. తెలిసిన రైతుకు వెనక తలుపు నుంచి ఎట్లాగూ అందుతుంది. మన దగ్గర పత్తి జూన్‌లో పెడతాం, కలుపు దసరా దాకా పీకుతూనే ఉంటాం. అంటే గట్టిగా లెక్కేసినా 90 రోజుల ఉత్తర్వు ఒక్క వానాకాలానికి కూడా చాలదు. తొంభై ఒకటో రోజు డబ్బాలు దుమ్ము దులుపుకుని మళ్లీ ముందుకు వస్తాయి. కంపెనీ ఆ మూడు నెలలూ ఊరికే ఎదురుచూస్తుంది, ఎదురుచూడడంలో వాళ్లకు నష్టమేం లేదు.

అందుకే చట్టం అంటున్నాను. నేను లాయర్‌ను కాదు. మా చెల్లెలి కొడుకు లా చదువుతున్నాడు, వాడిని కూర్చోబెట్టి రాజ్యాంగం ఏడో షెడ్యూలు చదివించుకున్నాను. రాష్ట్ర జాబితాలో 14వ అంశం వ్యవసాయం, చీడపీడల నుంచి పంటల రక్షణ. 6వ అంశం ప్రజారోగ్యం. ఉమ్మడి జాబితాలో 19వ అంశంలో విషాలు అన్న మాటే ఉంది. కేంద్ర చట్టంతో ఎక్కడైనా తగాదా వస్తుందనుకుంటే 254వ అధికరణం రెండో క్లాజు కింద రాష్ట్రపతి ఆమోదానికి పంపొచ్చు, ఆమోదం వస్తే మన రాష్ట్రంలో మన చట్టమే చెల్లుతుంది. ఇది ఎవరూ తొక్కని దారి కాదు. సిక్కిం 2014లో రసాయన ఎరువులు, పురుగుమందులు రాష్ట్రంలోకి రాకుండా చట్టమే చేసుకుంది. మనకు అంత దూరం వద్దు. ఒక్క మందు.

ఇంకో సంగతి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ సంగతి చూడండి. 2013లో సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత కొనేవాళ్ల గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టరులో రాయాలి, 18 ఏళ్లు నిండనివాళ్లకు ఇవ్వకూడదు. గడ్డి మందుకు కార్డు చూడాలన్న, వయసు చూడాలన్న నిబంధన లేదు. పదో తరగతి పిల్లవాడు వచ్చి ‘మా నాయిన తెమ్మన్నడు’ అంటే కవర్లో వేసి ఇస్తాం.

2018లో మన వ్యవసాయ శాఖే గ్లైఫోసేట్ అనే ఇంకో గడ్డి మందు అమ్మకం మీద ఆంక్షలు పెట్టింది, కలుపు మందుకు తట్టుకునే దొంగ పత్తి విత్తనాలు పాకిపోతున్నాయని. ఆ ఏడు నా దుకాణంలో ఏమైందో తెలుసా? గ్లైఫోసేట్ అమ్మకం పడిపోయింది, పారాక్వాట్ అమ్మకం లేచింది. కలుపు అలాగే ఉంది, కైకిలోళ్లు లేరు, రైతు చెయ్యి పక్క డబ్బా మీదికి పోయింది. దాన్ని ఆపి దీన్ని వదిలేశారు, నా లెక్కలో దానికంటే ఇదే పెద్ద ప్రమాదం. కాబట్టి ఈసారి చట్టం రాసేవాళ్లు దీని జాగాలోకి ఏ మందు వస్తుందో ముందే చూసుకోవాలి.

రైతు సంగతి మాట్లాడకుండా నిషేధం అంటే అది పట్నంలో కూర్చుని మాట్లాడినట్టే అవుతుంది. మా దగ్గర ఎకరం పత్తి కలుపు తీయాలంటే పది మంది ఆడవాళ్లు కావాలి, తలకు నాలుగు వందలు, పైన ఆటో కిరాయి. అదీ దొరికితే. తండాల నుంచి సగం జనం హైదరాబాద్ పనులకు పోతున్నారు. గడ్డి మందుతో అదే ఎకరం వెయ్యి రూపాయల లోపు అయిపోతుంది. ఈ లెక్క తెలియకుండా రైతును తిట్టొద్దు. ఒకప్పుడు అచ్చు తోలి పత్తి పెట్టి ఇటూ అటూ గుంటుక కొట్టేవాళ్లు, మొక్క మొదట్లో ఉన్న కలుపు మాత్రమే చేత్తో పీకేవాళ్లు. ఎద్దులు పోయాయి, గుంటుక మూలకు పడింది. పవర్ వీడర్ ఆ పని చేస్తుంది. ఊరికి నాలుగు ఉంటే గంటల లెక్కన కిరాయికి ఇవ్వొచ్చు. మాకు రైతు వేదికలు ఉన్నాయి, వాటిలో మీటింగులు పెట్టుకోవడమే కాకుండా ఈ యంత్రాలు కూడా పెట్టొచ్చు. గడ్డి మందు బిల్లు శాసనసభలో పెట్టే రోజే ఆ యంత్రాలకు డబ్బు కూడా పెట్టండి. లేకుంటే రైతు మాచర్ల నుంచో, రాయచూరు నుంచో తెచ్చుకుంటాడు. కృష్ణ దాటితే చాలు కదా. కొంత ఎట్లాగూ వస్తుంది. కానీ ఇంట్లో లొల్లి అయిన రాత్రి చేతికందే దూరంలో, గూట్లో, ఆ డబ్బా ఉండటం వేరు, కృష్ణ అవతల ఉండటం వేరు.

మా ఆడవాళ్లకు దీని మీద వేరే కోపం ఉంది. చేన్ల గట్ల మీద గునుగు కరువైంది. బతుకమ్మకు గునుగు పువ్వు కోసుకురావడానికి ఒకప్పుడు ఇంటి వెనక చేనుకు పోతే చాలు, ఇప్పుడు దేవరకొండ అంగట్లో కట్టకు ఇంత అని కొంటున్నారు. గట్టు మీద గడ్డి కూడా ఉండొద్దని మందు కొట్టించింది ఎవరు? మేమే. మా ఇంటావిడ ప్రతి ఏడూ నాకు గుర్తు చేస్తుంది.

పోలీసు కాగితాల గురించి ఒక్క మాట. ఈ చావులన్నీ పంచనామాల్లో ‘పురుగుల మందు తాగి’ అనో ‘గడ్డి మందు తాగి’ అనో పడతాయి. గ్లైఫోసేటూ గడ్డి మందే, పారాక్వాటూ గడ్డి మందే. మందు పేరు రాయకపోతే ఎంతమంది దేనితో పోయారో రేపు శాసనసభలో మీరు అడిగినా ఎవరూ చెప్పలేరు. ఆస్పత్రి కేస్ షీట్‌లోనూ, పంచనామాలోనూ మందు అసలు పేరు రాయాలని ఆ చట్టంలోనే పెట్టండి. మూత్రం నమూనాలో డైథయోనైట్ అనే పొడి కలిపితే పారాక్వాట్ ఉన్నప్పుడు నీలం రంగు వస్తుందని డాక్టర్లు చెప్తారు. పెద్ద ఖర్చు ఉన్న పరీక్ష కాదది. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి లాంటి చోట్ల ఆస్పత్రుల్లో అందుబాటులో పెట్టాలి.

శాసనసభలో 119 మంది ఉంటే మా రెండు పాత జిల్లాల నుంచే మీరు 26 మంది ఉన్నారు. కొడంగల్ కూడా ఆ 26లోదే. పార్టీలు వేరు కావచ్చు. చెలకలు, పత్తి, ఈ డబ్బాలు అందరి నియోజకవర్గాల్లో ఒకటే. ఒక్కరు ప్రైవేటు మెంబరు బిల్లుగా పెట్టినా చర్చ మొదలవుతుంది. డీలర్ల సంఘం వాళ్లు మీ దగ్గరికి వచ్చి చిన్న వ్యాపారులం నష్టపోతామంటారు. నా లెక్క చెప్తాను. నా అమ్మకాల్లో పారాక్వాట్ వాటా నూటికి మూడు రూపాయలు కూడా ఎన్నడూ దాటలేదు. మానేసిన తర్వాత దుకాణం మూతపడలేదు. నా పాత రిజిస్టర్లు ఎవరైనా చూస్తామంటే చూపిస్తాను.

చివరగా ఒక చిన్న చిక్కు. అమ్మడం ఆపేనాటికి మిగిలిన పదకొండు డబ్బాలు నా గోదాము మూలన ఇనుప పెట్టెలో తాళం వేసి ఉన్నాయి. గడువు దాటిపోయింది. కంపెనీ రెప్రజెంటేటివ్‌ను అడిగితే ‘వాపస్ తీసుకునే పద్ధతి లేదు, మీరే ఏదో ఒకటి చెయ్యండి’ అన్నాడు. నేలలో పోయలేను, మోరీలో పోయలేను, ఎవరికీ ఇవ్వలేను. వ్యవసాయ కార్యాలయంలో అడిగితే రాసివ్వమన్నారు, రాసిచ్చాను. తాళం చెవి ఇంట్లో ఎవరికీ ఇవ్వకుండా మొలతాడుకు కట్టుకుని తిరుగుతున్నాను. చట్టం రాసేటప్పుడు ఇట్లా దుకాణాల్లో మిగిలిపోయిన సరుకును ఎవరు, ఎన్ని రోజుల్లో తీసుకుపోవాలో కూడా ఒక లైను రాయండి.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతపు ఎరువులు, పురుగుమందుల డీలరు